చెట్లు పోయిన మండువ



అంబర్‌పేట నుంచి ఉప్పల్ చౌరస్తాకు పోయే పాత రోడ్డు మీద రామంతాపూర్ ఉంది. ఈ పేరు చెబితే కొందరికి దూరదర్శన్ కేంద్రం గుర్తొస్తుంది. కొందరికి పబ్లిక్ స్కూలు, హోమియో ఆసుపత్రి గుర్తొస్తాయి. హబ్సిగూడ దాటి నాలుగడుగులు వేస్తే తార్నాక, ఆ పక్కన ఉస్మానియా విశ్వవిద్యాలయం. చదువుకూ పరిశోధనకూ పేరుపడ్డ ప్రాంతం ఇది. కానీ ఈ రోజు నేను మాట్లాడేది ఆ సంస్థల గురించి కాదు. ఇక్కడి బస్తీల్లో పొద్దంతా కష్టం చేసిన మనిషి సాయంత్రం పోయి కూర్చునే చోటు గురించి, కల్లు కాంపౌండ్ గురించి.

కల్లు మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోవడం లేదు. ఆ వాదన మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, ఇకముందూ ఉంటుంది. ఊరి తాళ్ళ కింద పుట్టిన ఒక చోటు నగరంలో ఎట్లా ఎదిగింది, ఎందుకు చెడింది, ప్రభుత్వాలు దాన్ని ఎందుకు మూసి మళ్ళీ ఎందుకు తెరిచాయి, ఇన్ని మార్పుల్లో అసలు సంగతి ఎక్కడ మరుగున పడిపోయింది అన్నది చెప్పాలని నా ప్రయత్నం. ఎందుకంటే ఆ చోటికి పోయేవాళ్ళు మన మనుషులు. మన ఇళ్ళు కట్టినవాళ్ళు, మన మూటలు మోసినవాళ్ళు, మన వీధులు ఊడ్చినవాళ్ళు.

రామంతాపూర్ ఒకప్పుడు ఊరు. పెద్ద చెరువు, చిన్న చెరువు, దక్షిణాన మూసీ. తెలంగాణ ఊళ్ళన్నిటిలో లాగే చెరువు కట్టల మీద ఈతచెట్లు, పొలం గట్ల మీద తాళ్ళు. అట్లాంటి ఊళ్ళలో కల్లు అమ్మే చోటుకు గోడలుండేవి కావు, కప్పుండేది కాదు. తాళ్ళ నీడే మండువ. గౌడన్న చెట్టు దిగి లొట్టి వంచితే, తాటాకు రేకను రెండు చేతులా పట్టుకుని తాగేవాళ్ళు. పక్కన ఒకామె గుడాలు పెట్టుకుని కూర్చునేది. పొలం నుంచి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఒకపక్క చేరి తాగేవాళ్ళు. తెలంగాణలో అది దాచుకునే సంగతి కాదు. బోనాలకు పోచమ్మకు పోసే సాకలో కల్లుంటుంది. పెళ్ళికైనా చావుకైనా కల్లు లేనిదే కార్యం సాగని ఇళ్ళు ఎన్నో ఉండేవి.

ఆ లొట్టి వెనక ఎంత పని ఉందో కాస్త చెప్పాలి. గీత కార్మికుడు నడుముకు ముస్తాదు కట్టుకుంటాడు, అందులో కత్తులుంటాయి. మోకును చెట్టు చుట్టూ తన నడుము చుట్టూ వేసుకుని, కాళ్ళకు గుజి తగిలించుకుని, మోకును ఒక్కొక్క జానెడు పైకి జరుపుకుంటూ ఎక్కుతాడు. తాటిచెట్టయితే పైన గెల కొసను పలచగా చెక్కుతాడు. ఈతచెట్టయితే మెడ దగ్గర గీస్తాడు. గీత కాస్త లోతయితే చెట్టు దెబ్బతింటుంది, పలచనయితే కల్లు ధార కట్టదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాలి. ఒక్క రోజు మానితే గీసిన చోటు ఎండిపోతుంది. పండగ లేదు, జ్వరం లేదు. చెట్టు మీది నుంచి పడి నడుములు విరిగినవాళ్ళు, ప్రాణాలు పోయినవాళ్ళు గౌడ కులంలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. చెట్టెక్కే ముందు తమ దేవుడు కాటమయ్యను తలుచుకునేది అందుకే.

చెట్టు నుంచి కారేటప్పుడు అది కల్లు కాదు, తియ్యటి నీరా. అందులో నూటికి పది పాళ్ళకు పైగా చక్కెర ఉంటుంది. లొట్టిలో నిన్నటి తడి మిగిలి ఉంటే చాలు, అందులోని ఈస్టు పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే నురగ కట్టి కల్లవుతుంది. అందులో ఆల్కహాల్ పాలు బీరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మరునాటికి పులుస్తుంది, ఆ తర్వాత నోట్లో పెట్టలేం. అంటే కల్లు ఆయుష్షు ఒక్క పూట. దించిన చోటే, దించిన పూటే తాగాల్సిన పానీయం అది. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే కథంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఈ చెట్ల మీద సర్కారు కన్ను ఎప్పుడూ ఉంది. నిజాం రాజ్యంలో ఆబ్కారీ, అంటే కల్లు, సారాల మీది పన్ను, భూమిశిస్తు తర్వాత పెద్ద రాబడి. చెట్టు నీ పొలంలో ఉన్నా గీయడానికి సర్కారుకు పన్ను కట్టాలి. దుకాణాలను పాట పెట్టేవాళ్ళు, పాట పాడుకున్న గుత్తేదారు లాభం తీసుకునేవాడు, చెట్టెక్కినవాడికి కూలి దక్కేది. అందుకే 1947లో హైదరాబాదు సంస్థానాన్ని భారత దేశంలో కలపాలని స్టేట్ కాంగ్రెస్ ఉద్యమించినప్పుడు, ఈత చెట్లు నరకడం కూడా ఆ పోరాట కార్యక్రమంలో ఒకటైంది. నిజాం ఖజానాకు డబ్బు ఆపడానికి కొట్టిన దెబ్బ అది. ఆ దెబ్బ గీత కార్మికుడి అన్నం కుండకూ తగిలింది. చెట్టునూ చెట్టెక్కేవాడినీ వేరుచేసి చూడటం అప్పుడే మొదలైందని నాకనిపిస్తుంది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు గీత కార్మికులను సంఘాలుగా నిలబెట్టారు. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి, శాసనసభలోనూ లోక్‌సభలోనూ ప్రజల తరఫున నిలిచిన మనిషి ఆయన. గుత్తేదారు మధ్యలో ఎందుకు, గీసేవాళ్ళకే చెట్లు అప్పగించండి అన్నది ఆ పోరాటం. సహకార సంఘాలు, చెట్టెక్కేవాడికే లైసెన్సు అన్న పద్ధతి దాని ఫలితం. ఇప్పటికీ ఆబ్కారీ కాగితాల్లో టీసీఎస్, టీఎఫ్‌టీ అని కనిపించేవి అవే. మొదటిది సంఘం దుకాణం, రెండోది విడిగా చెట్టు రాయించుకున్న కార్మికుడి లైసెన్సు. ఊళ్ళలో ఆ పద్ధతి చాలామందికి అన్నం పెట్టింది.

ఇక నగరం వైపు వద్దాం. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు వచ్చాయి. హబ్సిగూడ రోడ్డు పొడుగునా జాతీయ పరిశోధన సంస్థలు వచ్చాయి. వాటితోపాటు కాలనీలు వచ్చాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్ళు చెరువుల పక్కన, నాలాల పక్కన గుడిసెలు వేసుకున్నారు. పొలాలు ప్లాట్లయ్యాయి. ప్లాటులో ముందుగా పోయేది గట్టు, గట్టుతో పాటు తాడిచెట్టు. చెరువులు కుంచించుకుపోయాయి, కట్ట మీది ఈతలు పోయాయి. 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడేనాటికి ఈ చుట్టుపక్కల గీయడానికి చెట్టంటూ దాదాపు లేదు.

చెట్లు పోయాయి, మండువ మాత్రం పోలేదు. దానికి ప్రహరీ గోడ కట్టారు, రేకులు కప్పారు, సిమెంటు గట్లు వేశారు. అదే కాంపౌండ్. కల్లు ఇప్పుడు వ్యాన్లలో వస్తుంది. లొట్టి స్థానంలో ప్లాస్టిక్ డ్రమ్ము, రేక స్థానంలో బీరు సీసా వచ్చాయి. గేటు దగ్గర బోటీ, తలకాయ కూర, ఉడికిన గుడ్లు, మిరపకాయ బజ్జీలు, వేయించిన చిన్న చేపలు. వాటిని అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒక్కో కాంపౌండ్‌ను నమ్ముకుని ఇట్లాంటి చిన్న బేరాలు ఎన్నో బతికాయి.

కాంపౌండ్‌లో నిజంగా ఏం జరిగేదో బయటినుంచి చూసేవాళ్ళకు తెలియదు. తాపీమేస్త్రీకి రేపటికి ఇద్దరు కూలీలు కావాలంటే అక్కడే దొరికేవాళ్ళు. ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఎవరి ఇంట్లో జబ్బు, ఏ గల్లీలో గది ఖాళీ ఉంది, ఎవరు చీటీ ఎత్తారు, అన్నీ అక్కడ తెలిసేవి. జీతం రాని నెలలో అప్పు పుట్టేదీ అక్కడే. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడికి తన మండలం మనిషి, తన యాస వినిపించే మొదటి చోటు అదే. పది గజాల గదిలో ఆరుగురు ఉండే కుటుంబాలకు కూర్చుని మాట్లాడుకునే జాగా ఇంట్లో ఎక్కడిది? పార్కులకు గేట్లున్నాయి. హోటల్లో చాయ్ తాగాక లేవాలి. కాంపౌండ్‌లో ఒక సీసా పట్టుకుని గంటసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. ఆడమనిషి తన చెల్లెలితో కలిసి వచ్చి కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. ఏ బార్‌లోనూ ఆమెకు ఆ మర్యాద లేదు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కాంపౌండ్‌ను తిట్టేవాళ్ళు ఈ సంగతిని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు.

అయితే ఆ సీసాలో ఏముంది?

కల్లు ఆయుష్షు ఒక్క పూట అని చెప్పాను కదా. చెట్టు దూరమైపోయింది. భువనగిరి అవతల తెల్లవారుజామున దించిన కల్లు, పోగుచేసి, వ్యాన్‌కెక్కించి, ఉప్పల్ దాటించి సీసాల్లో నింపేసరికి పులుపెక్కుతుంది. పైగా చెట్టుకు కాలముంటుంది. ఈతకొక కాలం, పోతుతాడుకొక కాలం, పండుతాడుకొక కాలం. వానలు పట్టినప్పుడు చెట్టెక్కడమే ప్రమాదం. కాంపౌండ్‌కు మాత్రం కాలం లేదు. ఏడాది పొడుగునా, అదే రంగులో, అదే మత్తుతో, అడిగినన్ని సీసాలు. చెట్టు ఇచ్చేదానికీ కాంపౌండ్ అమ్మేదానికీ మధ్య ఉన్న ఈ తేడాను నీళ్ళతో నింపారు. నీళ్ళకు తీపి కోసం సాక్రిన్ కలిపారు, నురగ కోసం మరొకటి కలిపారు. మత్తు కోసం మందు కలిపారు. మొదట క్లోరల్ హైడ్రేటు, తర్వాత డైజిపాం, ఆ తర్వాత అల్ప్రజోలం. ఇవన్నీ నిద్రకూ ఆందోళనకూ వైద్యులు వాడిన మందులు. డైజిపాం, అల్ప్రజోలం మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. జనం దీనికి మందు కల్లు అని పేరు పెట్టారు. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు అని తాగేవాళ్ళకు బాగా తెలుసు. తెలిసీ తాగారు, ఎందుకంటే దొరికేది అదే.

అల్ప్రజోలం మాత్ర చూసి ఉంటారు. పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము. అంత చిన్న మోతాదులో పనిచేసే మందును పొడిగా తెచ్చి, డ్రమ్ములో పోసి కర్రతో కలిపితే అది అంతటా సమంగా కలుస్తుందా? ఒక సీసాలో ఏమీ ఉండదు, పక్క సీసాలో పదిమందికి సరిపోయేంత ఉంటుంది. కల్లులోని ఆల్కహాల్‌తో కలిసినప్పుడు ఆ మందు ఊపిరిని మందగింపజేస్తుంది. కలిపే మనిషికి తూకం తెలియదు, తాగే మనిషికి ఎంత కలిపారో తెలియదు. ఇన్నేళ్ళూ ఇంతకంటే ఎక్కువమంది చనిపోకపోవడమే ఆశ్చర్యం.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. రోజూ మందు కల్లు తాగిన శరీరం ఆ మందుకు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. దానికి వైద్యం ఉంది, కానీ వైద్యం వైద్యుడి దగ్గరే జరగాలి.

రాజకీయాల సంగతికి వస్తే, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఈ మొత్తంలో కల్లుకు మినహాయింపు ఉంది. సారా పోయింది, బ్రాంది పోయింది, చట్టబద్ధంగా మిగిలింది కల్లొక్కటే. అప్పుడు నగరంలో కాంపౌండ్ల మీద ఎంత ఒత్తిడి పడి ఉంటుందో ఆలోచించండి. చెట్లేమో అంతకుముందే తగ్గిపోయాయి.

2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జంటనగరాల్లో కల్లు దుకాణాలను మూసేసింది. నగరం దరిదాపుల్లో చెట్లే లేవు, అమ్మేదంతా కల్తీ అన్నది కారణం. ఆ కారణం అబద్ధం కాదు. కానీ మూసినవాళ్ళు ఆ కాంపౌండ్‌ను నమ్ముకున్న గీత కుటుంబాలకు ఏ దారీ చూపలేదు, గేటు ముందు గుడాలు అమ్ముకునే ఆమెకు ఏ దారీ చూపలేదు, మందుకు అలవాటు పడ్డ శరీరాలకు వైద్యం ఏర్పాటు చేయలేదు. తాగేవాడు తాగడం మానలేదు. వైన్‌షాపు ముందు రోడ్డు మీద నిలబడి చీప్ లిక్కర్ తాగడం నేర్చుకున్నాడు. కూర్చునే చోటు పోయింది, మత్తు ఘాటు పెరిగింది, ఖర్చు పెరిగింది. ఆడవాళ్ళకు వెళ్ళే చోటే లేకుండా పోయింది.

తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు మొదలైన సభలు, పాటలు మన తిండి, మన పండగ, మన భాష అన్నాయి. వాటితో పాటు కల్లు కూడా ఆత్మగౌరవం మాటగా మారింది. గౌడ సంఘాలు కాంపౌండ్లు తెరవాలని గట్టిగా అడిగాయి. రాష్ట్రం వచ్చాక 2014లో కె. చంద్రశేఖరరావు ప్రభుత్వం దసరా నాటికి నగరంలో వాటిని మళ్ళీ తెరిపించింది. పదేళ్ళ తర్వాత గేట్లు తెరుచుకున్న రోజు జనం ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. ఆ సంబరాన్ని నేను తక్కువ చేయను. తమ చోటు తమకు తిరిగొచ్చిందన్న భావన అది. కానీ ఆ పదేళ్ళలో చెట్లు పెరగలేదు, ఇంకా తగ్గాయి. గేటు తెరిచినవాళ్ళు ఆ సంగతి చూడలేదు.

మరుసటి ఏడాదే, 2015 సెప్టెంబరులో, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో కల్తీ కల్లు మీద ఆబ్కారీ శాఖ దాడులు చేసింది. మందు ఆగిపోయింది. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. వింతగా ప్రవర్తించారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కల్లు దొరక్క పిచ్చెక్కిందని పత్రికలు రాశాయి. నిజానికి దొరక్కపోయింది కల్లు కాదు, అందులోని మందు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పెట్టగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు మళ్ళీ అదే వరుస కనిపించింది. రెండుసార్లూ మన కళ్ళ ముందే జరిగింది. ఇంత స్పష్టంగా రోగం బయటపడ్డాక కూడా దాన్ని తాగుబోతుల గొడవగానే చూశాం.

చివరికి 2025 జులైలో కూకట్‌పల్లి. కాంపౌండ్లలో కల్లు తాగినవాళ్ళు వాంతులు, విరేచనాలతో పడిపోయారు. రక్తపోటు పడిపోయింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నిమ్స్‌లోనూ గాంధీ ఆసుపత్రిలోనూ చికిత్స జరిగింది, అయినా పలువురు చనిపోయారు. నమూనాల్లో అల్ప్రజోలం దొరికింది. లైసెన్సులు రద్దయ్యాయి, అరెస్టులు జరిగాయి. కాంపౌండ్లన్నీ మూసేయాలన్న మాట మళ్ళీ మొదలైంది. కూకట్‌పల్లి నగరానికి పడమర కొస, రామంతాపూర్ తూర్పు కొస. కానీ రెండు చోట్లా తాగేవాళ్ళు ఒకే రకం జీవితం గడిపేవాళ్ళు. ఆ వార్త చదివిన రోజు ఇక్కడి బస్తీల్లో ఎన్ని ఇళ్ళలో భయం పుట్టిందో ఊహించుకోవచ్చు.

ఈ మధ్యకాలంలో మంచి పనులు జరగలేదని కాదు. గీత కార్మికులు పడిపోకుండా కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాలివ్వడం 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో మొదలైంది. మద్యం దుకాణాల్లో గౌడులకు 15 శాతం రిజర్వేషన్ 2021లో వచ్చింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. నీరా మంచి పానీయం. లొట్టికి సున్నం పూసి, చల్లగా ఉంచి, పులియకుండా తేగలిగితే పిల్లలు కూడా తాగొచ్చు. కానీ నెక్లెస్ రోడ్డుకు కారులో పోయేవాళ్ళ చోటు ఒకటి, రామంతాపూర్ ఇందిరానగర్‌లో ఇటుకలు మోసి వచ్చినవాడి చోటు మరొకటి. ఒకటి తెరిచి రెండో సంగతి తీరిపోయిందనుకోవడం సరికాదు. జూబ్లీహిల్స్ పబ్బులో ఒక గ్లాసు తాగేవాడికి ఆ గ్లాసులో ఏముందో సీసా మీద అచ్చేసి ఉంటుంది. అందులో పదో వంతు డబ్బు పెట్టేవాడికి మాత్రం ఆ హక్కు లేదు. ఈ తేడా నన్ను చాలా బాధపెడుతుంది.

ఇతర చోట్ల ఏం చేశారో చూద్దాం. తమిళనాడు 1987 నుంచి కల్లును నిషేధించింది, అక్కడి తాటిచెట్టు ఎక్కేవాళ్ళు ఇప్పటికీ ఆ నిషేధం ఎత్తేయమని అడుగుతూనే ఉన్నారు. కేరళ నిషేధించలేదు. 1969లోనే కల్లు కార్మికుల సంక్షేమ నిధికి చట్టం చేసింది. ఏ తోట కల్లు ఏ దుకాణానికి పోతుందో పర్మిట్టు ఉంటుంది. అక్కడ కల్లుషాపంటే కర్రపెండలం, చేపల కూర తినడానికి కుటుంబాలతో సహా పోయే చోటు. అక్కడ కూడా పాలక్కాడ్ జిల్లా చిత్తూరు నుంచి దూరదూరాలకు తరలే కల్లు మీద కల్తీ అనుమానాలు లేకపోలేదు. చెట్టుకూ దుకాణానికీ దూరం పెరిగిన చోటల్లా ఆ అనుమానం పుడుతుంది. ఇంగ్లండులో వీధి చివరి పబ్బులు మూతపడుతుంటే, 2011లో చేసిన ఒక చట్టం కింద ఆ పేటవాళ్ళు తమ పబ్బును సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. యజమాని అమ్మదలిస్తే దాన్ని కొనుక్కునేందుకు వాళ్ళకు ఆరు నెలల గడువు దొరుకుతుంది. మద్యం అమ్మే చోటును కూడా పేటకు అవసరమైన చోటుగా గుర్తించడం వాళ్ళు సిగ్గుపడే పని అనుకోలేదు.

మన దగ్గర ఇరవై ఏళ్ళుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాం. కాంపౌండ్ మూయాలా, తెరవాలా? ఎన్నికలకు ముందు ఒక జవాబు, చావుల తర్వాత మరో జవాబు. అడగాల్సింది అది కాదు. ఈ దుకాణానికి ఎన్ని చెట్లున్నాయి? ఏ ఊళ్ళో ఉన్నాయి? ఎవరు ఎక్కుతున్నారు? ఈ పూట ఎన్ని లీటర్లు దిగింది? ఆ లెక్కను గేటు ముందు తెలుగులో బోర్డు మీద రాయించండి. చెట్టు ఇచ్చినన్ని సీసాలే అమ్మనివ్వండి. చెట్టు ఇవ్వని కాలంలో దుకాణం మూసి ఉండనివ్వండి. ఏడాది పొడుగునా అలుపు లేకుండా నడిచే కల్లు దుకాణం కల్తీకి తనంతట తానే సాక్ష్యం. అట్లా చేస్తే నగరంలో నాలుగైదు కాంపౌండ్లు కూడా మిగలకపోవచ్చు. మిగలకపోతే పోనివ్వండి, అయితే ఆ మిగిలిన వాటిలో దొరికేది కల్లవుతుంది.

మూసిన వాటి సంగతేమిటంటే, గోడలున్నాయి, గట్లున్నాయి, నీడ ఉంది. అక్కడ చాయ్, నీరా, గుడాలు, బోటీ అమ్మనివ్వండి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూర్చుని మాట్లాడుకునే చోటుగా ఉండనివ్వండి. ఆ స్థలాన్ని అపార్ట్‌మెంటుకు అమ్మేస్తే ఆ బస్తీ మనుషులు మళ్ళీ రోడ్డు మీదికే పోతారు. ప్రభుత్వం హరితహారం కింద నాటిన ఈత, తాటి మొక్కలను గీత సంఘాలకు అప్పగించి బతికించాలి. తాటిచెట్టు గీతకు రావాలంటే పన్నెండేళ్ళకు పైగా పడుతుంది. అంతకాలం ఆగగలిగే ప్రభుత్వం కావాలి, ఆగమని చెప్పగలిగే గీత సంఘాలూ కావాలి. విశ్వవిద్యాలయం, జాతీయ పోషకాహార సంస్థ పక్కపక్కన ఉన్న తార్నాకలో కల్లు సీసాను ఐదు నిమిషాల్లో పరీక్షించే పట్టీ ఒకటి తయారుచేయడం అసాధ్యం కాదని నా నమ్మకం. ఆ పట్టీ ఆబ్కారీ అధికారి జేబులో కాదు, తాగేవాడి చేతిలో ఉండాలి.

చివరగా, ఇంట్లో ఎవరైనా రోజూ కాంపౌండ్ కల్లు తాగేవాళ్ళుంటే ఆ ఇంటివాళ్ళకు ఒక మాట. కోపంతో గదిలో పెట్టి తాళం వేయకండి, ఒక్కరోజులో మాన్పించాలని చూడకండి. అది ప్రాణం మీదికి వస్తుంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో గానీ, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ చూపించండి. ఏం తాగుతున్నారో, ఎన్నేళ్ళుగా తాగుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం ఉచిత ఫోన్ నంబరు 14446. రాసిపెట్టుకోండి.